కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మా కనపడకపోతే చూసినవి గుర్తుండవా?

కళ్ళు మూసుకుంటే అమ్మ ముఖం కూడా కనపడట్లేదు, చూసినవి గుర్తుపెట్టుకునే శక్తి నాకు తక్కువేమో అని అడిగారు. అలా అనుకోకండి. ఊహలో బొమ్మ కనపడటం వేరు, చూసింది గుర్తుండటం వేరు. నాకూ చిన్నప్పట్నుంచీ ఏ బొమ్మా కనపడదు. అయినా ఇక్కడ చెన్నైలో, టీ నగర్ సందుల్లో ఏ కొట్టు ఎటు తిరిగితే వస్తుందో ఇంట్లో అందరూ నన్నే అడుగుతారు.

మా అక్కకి తలచుకుంటే చాలు, సినిమా వేసినట్టు కనిపిస్తుంది. మొన్న సంక్రాంతికి ఇద్దరం కూర్చుని నెల్లూరులోని మా పాత ఇంటి పెరడు గుర్తున్నంతవరకు కాగితం మీద గీశాం. అక్క వేసిన బొమ్మలో గిలక బావి, దాని పక్కన బట్టలుతికే బండ, గోడ మీదికి పాకిన మల్లెతీగ, తీగకి మొగ్గలతో సహా ఉన్నాయి. నాది వట్టి గీతలే గానీ బావి, తులసికోట, కొట్టుగది తలుపు ఏవి ఎక్కడుండాలో అక్కడే పడ్డాయి. పాత ఫోటో తీసి చూస్తే ఆ గోడ మీద తీగే లేదు. అది మా పిన్ని వాళ్ళింట్లోదని తర్వాత అమ్మ చెప్పింది. అక్కకి మాత్రం అది ఇప్పటికీ ఆ గోడ మీదే కనిపిస్తుందట!

దీని మీద పరిశోధన కూడా ఉంది. ఇలా బొమ్మ కనపడకపోవడానికి ఆడమ్ జెమన్ అనే న్యూరాలజిస్టు బృందం 2015లో అఫాంటేసియా అని పేరు పెట్టింది. 2021లో విల్మా బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ పరిశోధకురాలి బృందం కొందరికి గదుల ఫోటోలు చూపించి, తీసేసి, గుర్తున్నది గీయమంది. అఫాంటేసియా ఉన్నవాళ్ళు వస్తువులు తక్కువ వేశారు, రంగులూ తక్కువే. కానీ వేసినవాటిని మిగతావాళ్ళలాగే సరైన చోట పెట్టారు. లేనివి కల్పించడం వీళ్ళలోనే తక్కువ.

అలాగని లోటే లేదనను. పాత సంఘటనలు తిరిగి చెప్పేటప్పుడు మనలాంటివాళ్ళకి వివరాలు తక్కువ వస్తాయని కొన్ని అధ్యయనాల్లో తేలింది. నాకైతే ఇది నిజమే. అందుకే ముఖాలు, చీరల రంగులు చూసినప్పుడే మాటల్లో చెప్పుకుంటాను: అమ్మమ్మకి కుడి చెంప మీద పుట్టుమచ్చ, నవ్వితే ఎడమవైపు సొట్ట. ఫోటోలు బాగా తీసి పెట్టుకుంటాను. మీరూ అలా చేసి చూడండి.

అమ్మ ఎదురుపడితే వెంటనే గుర్తుపడతారు కదా? అయితే కంగారు వద్దు. ఇదివరకు బాగా కనపడి, తలకు దెబ్బ తగిలాకో హఠాత్తుగానో ఆగిపోయి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టుకి చూపించుకోండి.