సలేశ్వరం బ్యాగులో ఏం పెట్టాలి? - సమాధానం

తమ్ముడూ, చైత్ర పౌర్ణమికి నల్లమల అడవి లోయలో ఉన్న శివుడి గుడి సలేశ్వరం పోతున్నావు, బ్యాగు ఇప్పటికే తొమ్మిది కిలోలైంది, ఏం తీసేయాలి అని అడిగావు కదా. ముందు గొడ్డలి, లైటర్, వంటగిన్నె తీసెయ్. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. ఎండుటాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడినా కేసే.

ఆ బరువంతా నీళ్లకివ్వు. మనిషికి కనీసం మూడు లీటర్లు, రెండు వేర్వేరు బాటిళ్లలో. ఒకటి జారి లోయలో పడితే రెండోదుంటుంది. ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. అవి లేకపోతే లీటరు నీళ్లకు ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, తలగొట్టి కొలిచి కలుపు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

టార్చి తప్పనిసరి. పోయినసారి నాది బ్యాగులోనే ఆన్ అయి, చీకటి పడేసరికి చచ్చిపోయింది. అప్పటినుంచి దానంతట అది ఆన్ కాకుండా టార్చిలో ఒక బ్యాటరీ సెల్లు తిరగేసి పెడుతున్నా.

విజిల్ మెడలో వేసుకో, బ్యాగులో కాదు. అడవి లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు, తప్పిపోతే అరిచి గొంతు పోగొట్టుకోవడం కంటే మూడేసి సార్లు ఊదడం నయం.

పాము కాటుకని బ్లేడు, తాడు రాసుకున్నావు, కొట్టెయ్. కోయొద్దు, బిగించి కట్టొద్దు. ఉంగరాలు తీసేసి, కాలు కదలకుండా కర్రకు వదులుగా కట్టి, మోసుకుని ఆసుపత్రికి తేవాలి. దానికి క్రేప్ బ్యాండేజ్, ఒక తువ్వాల చాలు.

తిండికి పల్లీపట్టీలు పెట్టుకో. చాక్లెట్లు కరిగి బ్యాగంతా బంక.