కుక్కపిల్ల కంటే ముందు రావాల్సిన ఉత్తరం

ఏలూరు

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

బుజ్జిగాడి ఏడో పుట్టినరోజుకి నువ్వు కుక్కపిల్లని తెస్తున్నావని ఆదివారం మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దని చెప్పడానికి కాదురా ఈ ఉత్తరం. చిన్నప్పుడు పిల్లి కనిపిస్తే మంచమెక్కి కూర్చునేవాడివి. అలాంటివాడివి కొడుకు కోసం కుక్కని పెంచుతానన్నావంటే మురిసిపోయాను. కానీ ‘ఏడో పుట్టినరోజు’ అనేసరికి గుండె ఝల్లుమంది. ఆ రాత్రంతా నిద్ర లేదు.

ముందు చిన్న సంగతులు. హస్కీ అనుకుంటున్నావట. మంచులో బండ్లు లాగే జాతికి కూకట్‌పల్లిలో ఏం పనిరా? ఏసీ వేస్తానంటావు, కరెంటు పోతే? శుభ్రంగా ఒక ఊరకుక్క పిల్లని తెచ్చుకో, మన ఎండకి అలవాటుపడ్డ ఒళ్లు దానిది. ఎనిమిది వారాలైనా తల్లి దగ్గర పెరిగిన పిల్లనే తీసుకో. ఆరు, ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ అని కుక్కపిల్లల ప్రాణం తీసే రోగాలకి మొదటి టీకా వేస్తారు, మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. ఆ తర్వాతవి ఎప్పుడెప్పుడో డాక్టరు చెబుతారు. ఆ కార్డు బుజ్జిగాడి టీకాల కార్డు పక్కనే పెట్టు.

పుట్టినరోజు నాడు మాత్రం తేవద్దు. బెలూన్లు పేలుతుంటే, పాతికమంది పిల్లలు మీద పడుతుంటే ఆ పసిది ఎక్కడ దాక్కోవాలి? పైగా కేకులో చాక్లెట్, పాయసంలో కిస్మిస్, కూరలో ఉల్లిపాయ. ఈ మూడూ కుక్కకి విషమే. ప్రేమకొద్దీ ఎవరో ఒకరు నోట్లో పెట్టేస్తారు. వారం ఆగి, నీకు సెలవున్నప్పుడు తెచ్చుకో.

సంక్రాంతికి అందరూ కలిసి అరకు వెళ్తారట కదా. పిల్లల్ని రైల్లో తీసుకెళ్లండి, ఆ సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్తుంటే వాళ్ల సంబరం చూడాలి. బొర్రా గుహలు కూడా చూపించండి. కుక్కపిల్లని మాత్రం నా దగ్గర దింపేసి వెళ్లండి. టీకాలు పూర్తికాని పిల్లని ఊళ్లు తిప్పకూడదు. కారులో అద్దాలు మూసి ‘ఐదు నిమిషాల్లో వస్తాం’ అని వదిలి వెళ్లడం అసలే పనికిరాదు.

ఇక నిద్ర పట్టనివ్వని సంగతి.

1984లో మీ అన్నయ్యకి ఏడేళ్లు. ఎక్కడి నుంచో ఒక గోధుమరంగు పిల్లని ఎత్తుకొచ్చి టైగర్ అని పేరు పెట్టాడు. వాడికి చదవడం సరిగ్గా పట్టుబడింది దానివల్లే. మంచం కింద దాన్ని ఒళ్లో పెట్టుకుని భేతాళ కథలు బిగ్గరగా చదివేవాడు. కథ అయ్యాక దాని చెవి పట్టుకుని, ‘టైగరూ, జవాబు తెలిసీ చెప్పకపోయావో నీ తల వెయ్యి చెక్కలవుతుంది’ అని బెదిరించేవాడు. అది చెయ్యి నాకేది.

పళ్లు వచ్చే వయసు కదా, చెప్పులూ చాపలూ కొరికేది. ఒకరోజు నా చీర కొంగు చింపింది. కోపంలో అన్నాను: ‘ఇంకోసారి ఎవర్నైనా కొరికిందంటే కాలవ అవతల వదిలేయిస్తాను.’ అన్నాను, మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు.

కొన్నాళ్లకి వాడి నిక్కరు అంచున పసుపు మరక కనిపించింది. వంటింట్లో ఆడావా అని ఒకటి వేశాను. ఎందుకైందని మాత్రం అడగలేదు. మర్నాడే అది మీ పెదనాన్న కొత్త చెప్పు కొరికేసింది. ఆయన సైకిలు మీద పెట్టుకుని తీసుకెళ్లి నిజంగానే కాలవ అవతల వదిలేసి వచ్చారు. నేను ఆపలేదు. వాడు అన్నం మానేసి ఏడ్చాడే కానీ నోరు విప్పలేదు.

మూడోరోజు స్నానం చేయిస్తుంటే పిక్క మీద రెండు పళ్ల గాట్లు, వాటి నిండా ఎండిపోయిన పసుపు. డబ్బాలోంచి దొంగతనంగా తీసుకుని వాడే అద్దుకున్నాడు. ఎందుకు చెప్పలేదురా అంటే, ‘చెబితే టైగర్ని వదిలేస్తానన్నావుగా’ అన్నాడు.

ఆస్పత్రిలో డాక్టరు మొదట అడిగింది, కుక్క ఎక్కడుంది అని. పది రోజులు కళ్ల ముందు ఉండి ఆరోగ్యంగా ఉంటే భయం లేదట. మీ పెదనాన్న రెండు రోజులు కాలవ గట్లన్నీ తిరిగారు. దొరకలేదు. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడిపించాం పసివాడికి. ఐదో రోజు పొట్ట పట్టుకుని అడిగాడు, ‘టైగర్‌కి కూడా ఇన్ని పొడుస్తారా అమ్మా?’ అని. వాడికి ఏమీ కాలేదు, ఆ దేవుడి దయ. కానీ మళ్లీ ఎన్నడూ బిగ్గరగా కథ చదవలేదు.

అందుకే చెబుతున్నాను. పిల్ల ఇంట్లో అడుగుపెట్టకముందే బుజ్జిగాడిని కూర్చోబెట్టు. ‘ఇది కరిచినా, గోరు గీరినా, గాయం మీద నాకినా వెంటనే చెప్పు. నిన్ను తిట్టం, దాన్ని వదిలేయం’ అని మాటివ్వు. నువ్వొక్కడివే ఇస్తే చాలదు, కోడలు పిల్ల కూడా ఇవ్వాలి. వాడి ముందు కోపంలోనైనా ‘వదిలేస్తా’ అనే మాట ఆ ఇంట్లో వినపడకూడదు. గాయమైతే పసుపూ, సున్నం, కారం ఏదీ పెట్టవద్దు. పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడుగు, అటునుంచటే ఆస్పత్రికి పరుగెత్తు. కుక్కకి టీకా వేయించాం కదా అని ఊరుకోవద్దు. ఇప్పుడు పొట్టలో పొడవడాలు లేవు, చేతికే వేస్తారు, నాలుగైదు మోతాదులతో అయిపోతుంది. లోతైన గాయమైతే దాని చుట్టూ, రేబిస్‌ని వెంటనే అడ్డుకునే సీరం అనే మందు కూడా వేస్తారు. రేబిస్ లక్షణాలు కనిపించాక మందు పనిచేయదురా నాన్నా, ముందే జాగ్రత్త పడాలి.

నీకింత టెన్షన్ పెట్టానని కోడలు పిల్ల నన్ను తిట్టుకుంటుందేమో. తిట్టుకోనీ. పడుకునే ముందు బుజ్జిగాడి చేత దానికి కథ చదివించమని మాత్రం చెప్పు. తప్పులు చదివినా అది దిద్దదు.

మీ పెదనాన్న పాత పంచెలు రెండు ఉతికి మడతపెట్టాను, వచ్చేవాళ్లతో పంపిస్తాను, దాని పక్కకి పనికొస్తాయి. ఈ ఉత్తరం రాస్తుంటే ఆయన వెనక నిలబడి అంతా చదివారు. ఏమీ అనలేదు. కాసేపటికి వచ్చి, దానికి టైగర్ అని మాత్రం పేరు పెట్టవద్దని రాయమన్నారు.

మీ పెద్దమ్మ