‘బాగున్నాను’ అన్నందుకు ఒక ప్లాటు పోయింది

తమ్ముడూ,

మాది పొదిలి, డల్లాస్‌లో ఉంటున్నాం, ముప్ఫై ఎనిమిదేళ్ళకే పార్కిన్సన్స్ అని తేలింది అని రాశావు. డిజేబిలిటీ కింద ఇక్కడ ఏమైనా ఇస్తారా, అడిగితే పరువు తక్కువా అన్నావు. ముందు ఆ రెండోదానికి చెప్తా. పరువు సంగతి నా దగ్గర ఎత్తకు. దాని కోసం నేను కందుకూరు నుంచి ఒంగోలు పోయే రోడ్డు మీద ఒక ప్లాటు అమ్ముకున్నా.

మాది కందుకూరే. నేను పుట్టి పెరిగిందంతా ప్రకాశం జిల్లా, 2022లో తీసుకెళ్ళి నెల్లూరులో కలిపారు. ఏ ఫారంలో జిల్లా పేరు అడిగినా నాకు ఒక క్షణం పడుతుంది. 1999లో వైటూకే హడావుడిలో న్యూజెర్సీ వచ్చా. మీకైతే ఏ సందేహం వచ్చినా వాట్సాప్ గ్రూపులో పడేస్తే పది మంది చెప్తారు. మాకు అప్పుడు చెప్పేవాడే లేడు, దెబ్బ తిని నేర్చుకున్నాం.

2013లో కుడి చెయ్యి వణకడం మొదలైంది. నాదీ పార్కిన్సన్సేనని డాక్టరు చెప్పాడు, నయమయ్యేది కాదనీ చెప్పాడు. నేను చేసిన మొదటి పని ఎవరికీ చెప్పకపోవడం. రెండోది అంతకన్నా తెలివితక్కువ పని. 2014లో గంటకు నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయని పర్మనెంట్ ఉద్యోగం వదిలి కాంట్రాక్టుకి పోయా. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళు నాలుగు రాళ్ళు వెనకేసుకుందాం అనుకున్నా. పాత కంపెనీలో లాంగ్ టర్మ్ డిజేబిలిటీ ఇన్సూరెన్స్ ఉండేది, పని చేయలేని స్థితి వస్తే జీతంలో 60 శాతం ఇచ్చేది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఉద్యోగం వదిలిన రోజే అదీ పోయింది. అబ్బయ్యా, నీకింకా ఉద్యోగం ఉంది కదా? ఈ రాత్రికే మీ కంపెనీ బెనిఫిట్స్ పుస్తకం తీసి అందులో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ ఉన్నాయేమో చూడు. అది చూడకుండా రాజీనామా మాట ఎత్తావో, నాకు ఫోన్ చెయ్యొద్దు.

ఇంకో మాట. న్యూజెర్సీలో మా పే స్లిప్‌లో డిజేబిలిటీ పేరుతో ఒక చిన్న కోత ఉండేది. పదిహేనేళ్ళ పాటు దాన్ని చూసి తిట్టుకున్నానే కానీ అదెందుకని ఒక్కరోజూ అడగలేదు. జబ్బు చేసి పని ఆగితే ఈ రాష్ట్రమే 26 వారాల దాకా డబ్బిస్తుందట, దాని కోసమే ఆ కోత. నేను ఒక్క డాలరు తీసుకోలేదు. మీ టెక్సాస్‌లో అదీ లేదు.

2015 చివర్లో కాంట్రాక్టు ఆగింది. మరుసటి ఏడు, 2016లో, ఎస్ఎస్‌డీఐకి, అంటే సోషల్ సెక్యూరిటీ వాళ్ళిచ్చే డిజేబిలిటీ ఇన్సూరెన్సుకి, పెట్టా. ఇది దానం కాదు, మన జీతంలో 6.2 శాతం కోసుకుంటూ కట్టించుకున్న ఇన్సూరెన్సు. అందుకే ఎన్నాళ్ళు కట్టావన్నది చూస్తారు. ముప్ఫై ఒకటి దాటిన వాళ్ళకు మామూలుగా గత పదేళ్ళలో ఐదేళ్ళ పని ఉండాలి. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఓపీటీలో, అంటే చదువయ్యాక చేసే ఉద్యోగంలో, ఆ కోత ఉండదని మీ కుర్రాళ్ళు సంబరపడతారు. కోత లేకపోతే క్రెడిట్టూ లేదు, ఆ ఏళ్ళు లెక్కలోకి రావు. బెంగళూరులో చేసిన ఏళ్ళూ కలవవు, ఇండియాకి ఇక్కడికి ఆ ఒప్పందం లేదు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఆరేళ్ళు చేశానన్నావు, కాబట్టి నీకు గట్టెక్కుతుంది. పని మానేశాక వీసా ఎలా అన్నది లాయరుతో తేల్చుకో. మీ ఆవిడ కూడా హెచ్-1బిలో ఉందన్నావు, అది అదృష్టం. మిగతా రూల్స్ అన్నీ సోషల్ సెక్యూరిటీ వాళ్ళ సైట్‌లో ఉన్నాయి, చదువుకున్నవాడివి.

వాళ్ళు ఫంక్షన్ రిపోర్ట్ అని ఒక ఫారం పంపిస్తారు. బట్టలు వేసుకోగలవా, వంట చేసుకుంటావా, తినగలవా అని అందులో పేజీలకు పేజీలు ప్రశ్నలు. నేను పొద్దున మాత్ర వేసుకుని, అది పట్టాక, పదింటికి కూర్చున్నా. ఆ రెండు గంటలూ నేను మామూలు మనిషిని. వంట? చేస్తా. చొక్కా గుండీలు? పెట్టుకుంటా. తినడం? ఇబ్బంది లేదు.

ఇబ్బంది ఎందుకు లేదు? ఆదివారం మా ఇంట్లో చేపల పులుసు. మా ఆవిడ ముందు నా కంచంలో ముక్క విడదీసి, ముళ్ళన్నీ ఏరి, అన్నంలో కలిపి, ముద్దలు చేసి పెడుతుంది. చెంచాతో నోటి దాకా తెచ్చేలోగా సగం ఒళ్ళో పడుతుంది కాబట్టి ముద్దలే నయం. నెల్లూరు వైపు వాడికి చేప ముల్లు ఇంకొకరు తీసి పెట్టడమంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. దాన్ని ఫారం మీద ఎలా రాస్తాం? రాయలేదు.

పైగా ఈ జబ్బులో రాత చిన్నదైపోతుంది. నా అక్షరాలు లైను చివరికొచ్చేసరికి చీమల బారులా అయిపోయాయి. సిగ్గేసి, మా అమ్మాయితో గుండ్రంగా తిరగరాయించా. తర్వాత దొరికిన లాయరు ఆ మాట విని తల పట్టుకుంది. ‘ఆ చీమల బారే మీ సాక్ష్యం, దాన్ని మీరే చెత్తబుట్టలో వేశారు’ అంది.

డాక్టరు దగ్గరా ఇదే కథ. ఎలా ఉన్నారంటే మనకి అలవాటుగా ఫైన్ అని వచ్చేస్తుంది. అపాయింట్‌మెంటూ మాత్ర పని చేసే టైమ్‌కే పెట్టుకునేవాణ్ణి. ఆయన ‘బాగానే ఉన్నాడు’ అని రాసుకునేవాడు. నిర్ణయించే వాళ్ళు మన మొహం చూడరు, ఆ రాతలు చూస్తారు. మన దగ్గర సదరం క్యాంపులో నలభై శాతం, అరవై శాతం అని సర్టిఫికెట్ ఇస్తారు కదా, ఇక్కడ శాతాలు లేవు. రోజూ ఎనిమిది గంటలు ఏ పనైనా చేయగలవా లేదా, అంతే. నా కాగితాల ప్రకారం చేయగలను. తిరగ్గొట్టారు.

దానికి అరవై రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. ఆ ఉత్తరం వచ్చేటప్పటికి నేను ఇండియాలో ఉన్నా. 2016 అక్టోబరులో రొట్టెల పండగ. నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఆరోగ్య రొట్టె అందుకున్నా. చెయ్యి వణికి సగం నీళ్ళలో పడింది, ఇచ్చినావిడ ఇంకో రొట్టె పెట్టింది. అట్నుంచి మేనకోడలి పెళ్ళి. ఉత్తరాలన్నీ పక్కన పెట్టు, నేనొచ్చి చూస్తానని మా ఆవిడకి చెప్పి వచ్చా, ఇంటి పెద్దని కదా. డిసెంబరులో తిరిగొచ్చి కవరు చించితే గడువు దాటిపోయింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నా, మళ్ళీ కాదన్నారు, మళ్ళీ అప్పీలు. జడ్జి ముందు హియరింగ్ 2019లో. మా ఆవిడ చేప ముల్లు సంగతి అక్కడ చెప్పేసింది. నాకు నేలలోకి కుంగిపోయినట్టుంది. గెలిచాం.

ఆ మూడేళ్ళు ఏం తిన్నాం? మా నాన్నకి తెలియకూడదని నెలనెలా పంపే డబ్బు ఒక్క నెలా తగ్గించలేదు, కార్డు మీద గీకి పంపించా. వడ్డీ మీద వడ్డీ. చివరికి ప్లాటు. నువ్వు ముందు మీ ఇంట్లో చెప్పు, పంపేది తగ్గించు. ఒప్పుకున్నా సరే, మొదటి ఐదు నెలలకి డబ్బు రాదు. మెడికేర్‌కి, అంటే ప్రభుత్వ వైద్య బీమాకి, ఆ తర్వాత ఇంకో ఇరవై నాలుగు నెలలు. అందాకా హెల్త్ ఇన్సూరెన్స్ మీ ఆవిడ ఉద్యోగం వైపు మార్చుకో. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే వాళ్ళ పేరునా కొంత వస్తుంది, అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు. లాయరు గెలిస్తేనే ఫీజు తీసుకుంటాడు, వెనకటి బకాయిలో పావు వంతు. మా రోజుల్లో 6,000 డాలర్లు దాటకూడదనేవాళ్ళు, 2024 నవంబరు చివర్లో దాన్ని 9,200 చేశారు.

ఫారం రాగానే నింపి పంపెయ్యకు. మాత్ర దిగిపోయిన వేళ కూర్చుని, నీ చేత్తోనే రాయి, ఎంత చిన్నగా వచ్చినా సరే. లేనిది ఒక్క ముక్క రాయొద్దు, ఉన్నది దాచొద్దు. మీ ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకో, నువ్వు మర్చిపోయేవి ఆమెకి గుర్తుంటాయి. పంపే ముందు ఒక కాపీ నాకు ఫోటో తీసి పెట్టు. ఆదివారం పొద్దున పది, పన్నెండు మధ్య ఫోన్ చెయ్యి. ఆ టైములో నా మాట తేటగా ఉంటుంది.