స్కాట్లాండ్ ఎస్టేట్‌లో గోడ నిండా గూళ్లున్న ఆ పాడుబడ్డ కట్టడం ఏమిటి?

కప్పు కూలిన గుండ్రటి రాతి కట్టడం, లోపల కింది నుంచి పైదాకా గూళ్లు... అది జైలా, గుడా అని అడిగారు. రెండూ కాదండీ, పావురాల ఇల్లు. అక్కడివాళ్లు డూకాట్ అంటారు.

ఎడిన్‌బరాలో చదువుకునేటప్పుడు ఈస్ట్ లోథియన్‌లో ఇలాంటిదే చూసి నేనూ బోల్తా పడ్డాను. అమ్మమ్మ వాళ్లింట్లో దీపం పెట్టే గూడులాంటివి వందల కొద్దీ కనిపించేసరికి, ఇన్ని దీపాలు ఎవరు పెట్టేవాళ్లురా అనుకున్నా. ఒక గూట్లో చెయ్యి పెడితే సన్నటి రాతి పలకలు, ఎండుపుల్లలు తగిలాయి. అంతలో పక్క గూట్లోంచి జాక్‌డా అనే చిన్న కాకి చెవి పక్కనుంచే దూసుకెళ్లింది. నా ఫోన్ రెట్టల్లో పడింది!

పావురాల్ని ముద్దుకి పెంచలేదు. ఇంకా ఎగరడం రాని పిల్లల్ని దొరగారింట్లో వండుకునేవాళ్లు, రెట్ట ఎరువయ్యేది. పెద్ద పక్షులు మాత్రం చుట్టుపక్కల రైతుల గింజల మీద పడి మేసేవి. మేత రైతుది, కూర దొరది. ఆ గొడవ ముదిరే కాబోలు, 1617లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది: డూకాట్‌కి రెండు మైళ్ల లోపు ఏటా పది చాల్డర్ల (అప్పటి కొలత) ధాన్యం వచ్చే భూమి ఉన్నవాళ్లే కొత్తగా డూకాట్ కట్టుకోవాలని, అదీ ఒక్కటేనని.

ఆంగస్‌లోని ఫినావన్ డూకాట్‌లో దాదాపు 2,400 గూళ్లున్నాయి. ఎడిన్‌బరాలోని కార్‌స్టర్‌ఫిన్‌లో కోట ఎప్పుడో పోయింది, వెయ్యికి పైగా గూళ్లున్న డూకాట్ మాత్రం నిలిచింది. డూకాట్ కూలగొడితే ఏడాది తిరక్కుండా ఆ ఇంటి ఇల్లాలు పోతుందని ఒక నమ్మకం ఉండేది. ఇవి ఇన్ని మిగలడంలో ఆ భయం పాత్ర తక్కువేం కాదని నా అనుమానం.

మీరు చూసింది అదేనా అని తేల్చుకోవాలంటే, బయట గోడ చుట్టూ వడ్డాణంలా ముందుకు పొడుచుకొచ్చిన రాతి వరస ఉందేమో చూడండి. ఎలుకలు పైకి పాకకుండా పెట్టేవాళ్లు. గుండ్రటి వాటిలో కొన్నిటికి మధ్యలో నిలువు స్తంభం, దానికి బిగించిన నిచ్చెన ఉండేవి. నిచ్చెనెక్కి స్తంభాన్ని తిప్పుకుంటూ ఏ గూడైనా అందుకోవచ్చు.

2003 చట్టం ప్రకారం ఎస్టేట్‌లో మర్యాదగా నడవొచ్చు గానీ, కట్టడాల్లోకి వెళ్లే హక్కు లేదు. పైగా రాళ్లు వదులుగా ఉంటాయి. గుమ్మం దగ్గర నిలబడి టార్చ్ వేసి చూడండి. వేసవిలో వెళ్తే మాత్రం నిండు ప్యాంటు వేసుకోండి. తగిలితే మంటపుట్టే నెటిల్ మొక్కలు గుమ్మం చుట్టూ మోకాలెత్తు ఉంటాయి, నా పిక్కలు సాయంత్రం దాకా మండాయి.