రాకీని ఎప్పుడు సాగనంపాలని అడిగావు కదా

చిన్నీకి,

మీ లాబ్రడార్ కుక్క రాకీ కిడ్నీలు బాగా పాడయ్యాయని, ఇంజెక్షన్‌తో సాగనంపే మాటకి డాక్టరుగారు "ఇక మీ ఇష్టం" అనేశారని, అది ఎప్పుడు చేయాలని ఫోన్‌లో అడుగుతూ ఏడ్చేశావు. గాజువాక దాకా రావడానికి నా మోకాళ్లు ఒప్పుకోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

"తిండి పూర్తిగా మానేశాక చూద్దాం" అంటున్నాడట మీ ఆయన. అంతవరకూ ఆగొద్దని నా మాట. లాబ్రడార్లు తిండి కోసం ప్రాణం పెడతాయి, ఒళ్లు హూనమైనా ముద్ద అందుకుంటాయి. తోక ఊపుతున్నాడని కూడా ధీమా పడకు. నిన్ను చూసి ఊపుతాడు, నొప్పి లేక కాదు. పెరుగన్నం గిన్నె చప్పుడుకి తనంతట తను లేచి వస్తున్నాడా? లేక నువ్వు చేత్తో పెడితే నోట్లోకి తీసుకుని, నువ్వు అటు తిరగ్గానే మంచం కింద వదిలేస్తున్నాడా? రెండోదే అయితే అది ఆకలి కాదమ్మా, నీ మీద మొహమాటం. ఈ జబ్బులో మలినాలు రక్తంలో పేరుకుపోయి కడుపులో తిప్పుతుంది, నోట్లో పుళ్లు పడతాయి. ఒకసారి పెదవి ఎత్తి చూడు, నోటి వాసన కూడా చూడు.

వాడు నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టు. నిమిషానికి 30 దాటకూడదు. మన వైజాగ్ ఉక్కపోతకి మధ్యాహ్నం మంచి కుక్కే రొప్పుతుంది, కాబట్టి తెల్లవారుజామున చూస్తే నయం. నొప్పి అని ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం వేయకు, కుక్కలకది విషం కావచ్చు.

ఎలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక మార్కుల పద్ధతి పెట్టింది. నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, హుషారు, నడక, మంచి రోజులు ఎక్కువా చెడ్డవి ఎక్కువా అన్న ఏడింటికీ తలా పది. మొత్తం 35 దాటితే ఇంకొన్నాళ్లు చూసుకోవచ్చంటారు. అంకెల మీద నాకంత నమ్మకం లేదు గానీ, నువ్వూ మీ ఆయనా ఒకరిది ఒకరు చూడకుండా మార్కులు వేయండి. ఎక్కడ తేడా వస్తే అక్కడే మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

పాపం తగులుతుందని మీ అత్తగారి భయం. వాడు రాత్రంతా మూలుగుతుంటే చూస్తూ కూర్చోవడం ఏం పుణ్యం? అర్ధరాత్రి ఫిట్స్ వచ్చి, డాక్టరు దొరక్క, ఆటోలో వాణ్ని ఒళ్లో వేసుకుని తిరిగే పరిస్థితి రానివ్వకు. ఇంకా నిన్ను గుర్తుపట్టి నీ ఒళ్లో తల పెట్టగలిగే రోజునే ఎంచుకో. కాస్త తొందరపడ్డామనిపిస్తుంది, అనిపించనీ.

ముందు మత్తు ఇచ్చి, వాడు పూర్తిగా నిద్రలోకి జారాకే నరానికి ఇంజెక్షన్ ఇవ్వమని డాక్టరుగారితో ముందే మాట్లాడుకో. ఇంటికి వస్తారేమో కూడా అడుగు. ప్రాణం పోయాక కళ్లు మూసుకోవు, ఒకటి రెండు సార్లు ఎగశ్వాస రావచ్చు, మూత్రం పోవచ్చు. బతికున్నాడేమో అని హడలిపోకు. కింద పాత దుప్పటి పరిచి ఉంచు.

బీచ్ ఇసుకలో పూడ్చే ఆలోచన వద్దు, వీధికుక్కలు తవ్వేస్తాయి. ఆ ఇంజెక్షన్ మందు వాడి ఒంట్లోనే ఉంటుంది, తిన్నవాటికీ ప్రమాదమే. పెందుర్తిలో మీ మామగారి స్థలం ఉందిగా, నడుం లోతు గొయ్యి ముందురోజే తీయించు. డాక్టరుగారిని పొద్దున్నే రమ్మను, ఎండెక్కేలోగా పెందుర్తి చేరిపోవచ్చు.

మీ పెద్దమ్మ
సీతమ్మధార