షూమన్ పియానో కన్చెర్టో: 1841 రచనా, 1845 రచనా?

జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ రాసిన ఎ మైనర్ పియానో కన్చెర్టోకి (పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే, సాధారణంగా మూడు భాగాల రచన) మీ రెండు రికార్డింగుల్లో ఒకదాని మీద 1841, ఇంకోదాని మీద 1845 అని ఉందని, ఏది తప్పని అడిగారు కదా, టెన్షన్ పడకండి, ఏదీ తప్పు కాదు. 1841లో లైప్‌జిగ్‌లో ఆయన రాసింది పియానో, ఆర్కెస్ట్రా కోసం ఒకే భాగంగా ఉన్న ఫాంటసీ (స్వేచ్ఛగా సాగే రచన). ఆ ఆగస్టులో అక్కడి గెవాండ్‌హౌస్ అనే కచేరీ హాల్లో రిహార్సల్‌లో భార్య క్లారా దాన్ని వాయించి చూసింది, అదీ నిండు గర్భిణిగా, సెప్టెంబరు 1న వాళ్ల మొదటి కూతురు పుట్టింది. ప్రచురణకర్తలు మాత్రం ముందుకు రాలేదు. (అంత మంచి సంగీతాన్ని వద్దన్నారంటే నాకు ఇప్పటికీ బాధే.) చివరికి 1845లో దాన్నే కొంత సవరించి మొదటి భాగంగా పెట్టి, ఇంకో రెండు భాగాలు కలిపాడు, డిసెంబరు 4న డ్రెస్డెన్‌లో క్లారాయే వాయించగా పూర్తి కన్చెర్టో తొలిసారి వినిపించింది.

ఇక రెండో ట్రాక్, అంటే రెండో భాగం, చివర తెగిపోయినట్టుంది అన్నారు, ఫైలు బాగానే ఉంది. అక్కడ మొదటి భాగం రాగం ఒక్కసారి తొంగిచూసి, ఆగకుండా నేరుగా మూడో భాగంలోకి వెళ్లిపోతుంది. ప్లేయర్‌లో గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య విరామం లేకుండా వినిపించే సెట్టింగ్) ఆన్ చేసి వినండి.