రెండో క్వీన్‌ని ఆపాలని చూడకు

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చదివాను. నీ దగ్గర చెస్ నేర్చుకుంటున్న పిల్లాడు తన క్వీన్ బోర్డు మీద ఉండగానే బంటుని చివరి వరసకి తోసి, అక్కడ దాన్ని వేరే పావుగా మార్చుకునే వీలుంటుంది కాబట్టి ఇంకో క్వీన్ తెచ్చుకున్నాడనీ, ఎదురుగా ఉన్న అమ్మాయి ఇదేం అన్యాయమని ఏడ్చిందనీ, అందుకని ఇకమీదట పోయిన పావుల్లోంచే తీసుకోవాలని రూల్ పెడదామనుకుంటున్నాననీ రాశావు. పెట్టకు. పిల్లలు రేపు ఏ టోర్నమెంట్‌కి వెళ్లినా అక్కడ ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రూలే ఉంటుంది, అందులో సూటిగా రాసుంది: క్వీన్, ఏనుగు, బిషప్, గుర్రం, ఏదైనా తీసుకోవచ్చు, అంతకుముందు పోయిన పావులతో సంబంధం లేదు.

నీ ఆలోచన కొత్తదేమీ కాదులే. చెస్‌కి పూర్వరూపమైన పాత షత్రంజ్‌లో బంటు చివరికి చేరితే ఫిర్జ్ అయ్యేది. అది ఐమూలగా ఒక్క గడి కదిలే బక్క పావు కాబట్టి రెండున్నా మూడున్నా ఎవరికీ ఇబ్బంది లేకపోయింది. 15వ శతాబ్దం చివర్లో యూరప్‌లో ఆ పావుకి ఇప్పటి క్వీన్ బలం వచ్చాకే ఇన్ని క్వీన్లేమిటన్న గొడవ మొదలైంది. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్ చెస్ దిగ్గజం ఫిలిడోర్ అంతటివాడు కూడా పోయిన పావుల్లోంచే తీసుకోవాలన్న పక్షమే. అయినా ఆ రూల్ నిలవలేదు.

ఎందుకు నిలవలేదో నీ పిల్లల ఆట మీదే చూడు. ఒకమ్మాయి జాగ్రత్తగా ఆడి, ఒక్క గుర్రం తప్ప ఏమీ పోగొట్టుకోకుండా బంటుని ఎనిమిదో వరసకి చేర్చిందనుకో, నీ రూల్ ప్రకారం ఆమెకి దక్కేది గుర్రమే. పక్క బోర్డులో క్వీన్‌ని చూసుకోకుండా పారేసుకున్నవాడు అదే పని చేస్తే వాడికి క్వీన్! ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడినందుకు శిక్షా? ఇంకా ఏ పావూ పోకముందే బంటు చేరితే ఏం చేస్తావు, దాన్ని అక్కడే బొమ్మలా నిలబెడతావా? పైగా ఎదుటివాడు నీ క్వీన్‌ని కొట్టే ముందు కూడా, దీన్ని కొడితే రేపు బంటుకి క్వీన్ దొరుకుతుందేమోనని లెక్కేసుకోవాలి, అప్పుడది చెస్‌లా ఉండదు. ఎండ్‌గేమ్‌లో, అంటే ఆట చివరి దశలో, ఎలాగూ అప్పటికే క్వీన్లు మారిపోయి ఉంటాయి కాబట్టి చాలా ఆటల్లో నీ రూల్‌తో తేడాయే రాదు. తేడా వచ్చేదల్లా బోర్డు నిండా పావులున్నప్పుడు ఒకరు బంటుని, ఇంకొకరు రాజుని లక్ష్యం చేసుకుని పరుగెత్తే ఆటల్లో, అంటే చూడ్డానికి అన్నిటికన్నా బాగుండే ఆటల్లో.

2013 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆనంద్, కార్ల్‌సన్ ఆడిన తొమ్మిదో గేమ్ నీ పిల్లలకి వేసి చూపించు. తెల్లపావులతో ఆనంద్ తన క్వీన్‌ని హెచ్6 గడికి తెచ్చి, ఏనుగుని హెచ్4కి తెస్తే మేట్ (రాజు ఇక తప్పించుకోలేక ఆట ముగియడం) అన్నంత వరకు వచ్చాడు. కార్ల్‌సన్ క్వీన్ మొదట్నుంచీ డీ8లోనే, ఒక్కసారి కూడా కదల్లేదు. అతనివి నల్లపావులు కాబట్టి బంటుకి చివరి వరస ఒకటోది, అక్కడ బీ1కి దాన్ని తోసి రెండో క్వీన్ తెచ్చుకుని చెక్ ఇచ్చాడు, ఆనంద్ గుర్రాన్ని ఎఫ్1కి అడ్డం పెట్టాడు, అది తప్పటడుగు (బిషప్ పెట్టి ఉంటే ఆట ఇంకా నడిచేది). కొత్త క్వీన్ ఈ1కి వచ్చింది. అక్కణ్ణుంచి ఐమూలగా హెచ్4 దాని చూపులోనే ఉంది, ఇక ఏనుగు అక్కడికి వస్తే కొట్టేస్తుంది. ఆనంద్ వెంటనే ఓటమి ఒప్పుకున్నాడు. నీ రూల్ ఉంటే కార్ల్‌సన్‌కి దొరికేది పోయిన ఏనుగో, గుర్రమో, బిషప్పో, ఈ1లో నిలబెట్టిన ఏనుగుకి హెచ్4 కనబడదు. ఆ ఎత్తు అందమంతా రెండో క్వీన్‌లోనే ఉంది.

క్వీన్లు ఎక్కువైతే ఆట ఏకపక్షం అయిపోతుందన్న భయం కూడా వద్దు. 1959 క్యాండిడేట్స్‌లో (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే టోర్నమెంట్‌లో) ఫిషర్, పెట్రోసియన్ ఇద్దరికీ తలా రెండు క్వీన్లు వచ్చి, బోర్డు మీద నాలుగు క్వీన్లతో కొన్ని ఎత్తులు ఆడి డ్రా చేసుకున్నారు.

నువ్వు నిజంగా నేర్పాల్సింది వేరే ఉంది. చిన్నపిల్లలు గెలిచే ఆటలో రెండో క్వీన్, మూడో క్వీన్ అని తెచ్చుకుంటూ పోతారు, అక్కడే స్టేల్‌మేట్ (చెక్ లేకపోయినా ఎదుటివాళ్లకి కదిపే ఎత్తే లేక ఆట డ్రా అయిపోవడం) చేసి నాలుక కరుచుకుంటారు. రెండు క్వీన్లతో వరస వరస మార్చి చెక్ ఇస్తూ రాజుని అంచుకి నెట్టే మేట్ చేతికి అలవాటయ్యేదాకా ఆడించు, ఇంకో క్వీన్ అడిగే ముందు ఇప్పుడున్న దాంతో మేట్ ఉందేమో చూడమని చెప్పు. తర్వాత సావెద్రా పొజిషన్ అనే పేరున్న చెస్ పజిల్ పెట్టు, 1895 నాటిది, అందులో క్వీన్ తీసుకుంటే స్టేల్‌మేట్, ఏనుగు తీసుకుంటే గెలుపు. పిల్లలు మొదట నమ్మరు, వాళ్లనే ఆడి చూడనీ.

ఇంకో సంగతి, టోర్నమెంట్‌లో చేతి అలవాటు. అదనపు క్వీన్ దొరక్కపోతే గడియారం ఆపి ఆర్బిటర్‌ని (ఆట రిఫరీని) పిలవాలి, అది ఆడే పిల్లల హక్కు, మొహమాటపడకూడదు. ఏనుగుని తలకిందులుగా పెట్టి క్వీన్ అంటే కుదరదు, అది ఏనుగే. 2017 కెనడా ఛాంపియన్‌షిప్ టైబ్రేక్‌లో నోరిత్సిన్ అనే ఆటగాడు టైమ్ టెన్షన్‌లో అలాగే పెట్టాడు, ఆర్బిటర్ ఏనుగుగానే లెక్కపెట్టాడు, ఆటా పోయింది, టైటిలూ పోయింది. బంటుని చివరి గడిలో వదిలేసి పావు మార్చకుండా గడియారం నొక్కడం కూడా తప్పు ఎత్తే. క్లాసికల్ (ఎక్కువ సమయం ఇచ్చే) ఆటలో మొదటిసారికి ఎదుటివాళ్లకి 2 నిమిషాలు కలుపుతారు, ఆ బంటు క్వీన్ అవుతుంది, ఏనుగు కావాలనుకున్నా సరే.

కాబట్టి నువ్వు రూల్ మార్చే బదులు ప్రతి బోర్డు పక్కనా ఒక తెల్ల క్వీన్, ఒక నల్ల క్వీన్ అదనంగా పెట్టు. ఏడ్చిన ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఆ బంటు అయిదో వరసలో ఉన్నప్పటి పొజిషన్ మళ్లీ పేర్చి, దానికి ఎదురుగా ఏ పావు అడ్డం పెట్టొచ్చో తననే వెతకమను. దొరక్కపోతే ఆ పొజిషన్ నాకు పంపించు, నేను చూస్తాను.

బాబాయి